అత్త పేరు మీద తీసుకున్న గది

లత పోయిన రోజు సాయంత్రం ఆరు గంటలకు మా అమ్మాయి మౌక్తిక ఆస్పత్రి పక్క సందులో నిలబడి, మూడో అంతస్తు కిటికీ వైపు చూస్తూ చెయ్యి ఊపింది. అప్పటికి లత పోయి రెండు గంటలు దాటింది.

అది హోలీకి నాలుగు రోజుల ముందు. జ్వరం ఊపిరితిత్తులకు పాకి లత ఇరవై రెండు రోజులు ఐ.సి.యు.లో ఉంది. పిల్లలను లోపలికి రానివ్వరు. చేర్చిన మరునాడు మౌక్తిక, "అమ్మ ఏ కిటికీల ఉంది బాపూ?" అని అడిగింది. ఐ.సి.యు. కింది అంతస్తులో, వెనకవైపు ఉంది. దానికి కిటికీలు లేవు. ఆ మాట పదకొండేళ్ల పిల్లకు చెప్పలేక చెయ్యెత్తి ఒక కిటికీ చూపించాను. మూడో అంతస్తు, ఎడమ నుంచి రెండోది. దాన్నే ఎందుకు చూపించానంటే చెప్పలేను.

ఆ రోజు నుంచి పక్కింటి భాగీరథి రోజూ సాయంత్రం పిల్లను బస్సులో తీసుకొచ్చేది. సందులో చాయ్ బండి పక్కన నిలబడి మౌక్తిక ఆ కిటికీకి చెయ్యి ఊపేది. తర్వాత నా దగ్గరికి వచ్చి, "అమ్మ చూసిందా?" అనేది. చూసిందనేవాణ్ణి. "ఏమన్నది?" అనేది. జడ వదులుగా వేసుకున్నావని అన్నదనో, పెరుగన్నం తినమన్నదనో చెప్పేవాణ్ణి. మూడో రోజు గొంతులో గొట్టం వేసినప్పటి నుంచి లత ఏమీ మాట్లాడలేదు.

ఆఖరి రోజు నేను కాగితాల మీద సంతకాలు పెట్టి బయటికి వచ్చేసరికి ఆరైంది. భాగీరథికి ఫోన్ చేసి ఇవాళ రావద్దని చెప్పాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. మౌక్తిక సందులోంచి పరుగెత్తుకొచ్చింది.

"బాపూ, ఇయ్యాల అమ్మ మంచిగ కనబడ్డది! లేచి నిలబడ్డది. నడిసింది గూడ!"

దాని వెనకే వచ్చిన భాగీరథి నా ముఖం చూసి ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అవునా" అన్నాను నేను.

ఇంటికి వెళ్లాక చెప్పవలసింది చెప్పాను. కిటికీ సంగతి చెప్పలేదు. మౌక్తిక ఏడ్చి ఏడ్చి, చివరికి భాగీరథి ఒళ్లో తల పెట్టుకుని, "నేనైతే చూసిన ఆంటీ. పోయే ముందు నేను చూసిన" అంది. దానికి మిగిలింది అదొక్కటే. దాన్ని తీసేసే ధైర్యం నాకు లేకపోయింది.

నేను సూరత్‌లో, గోడాదరా దగ్గర మునిసిపాలిటీ వాళ్ల తెలుగు బడిలో పంతుల్ని. మా పిల్లల్లో ఎక్కువమంది పవర్‌లూమ్ పనివాళ్ల పిల్లలు. మౌక్తిక కూడా అదే బడిలో ఐదో తరగతి.

లత తల్లి సారక్క నాకు సొంత మేనత్త. సిరిసిల్ల దగ్గర మా ఊళ్లో ఒక్కతే ఉంటుంది. కబురు అందిన వెంటనే రైలెక్కి వచ్చి, పదకొండో రోజు దాకా ఉంది. దినాలు అయ్యాక, "నడువుండ్రి, నిద్రకు తీస్కపోత" అంది.

మాలో అదొక ఆచారం. చావు జరిగిన ఇంటివాళ్లు ఇంకోచోటికి వెళ్లి ఒక రాత్రి పడుకుని రావాలి. భార్య పోతే ఆమె పుట్టింటివాళ్లు వచ్చి తీసుకుపోతారు. అన్నం పెట్టి, కొత్త బట్టలు పెట్టి, తమ ఇంట్లో నిద్ర చేయించి పంపుతారు. అది అయ్యేదాకా ఇంకొకరి గడప తొక్కకూడదు. నెత్తి మీద వార్షిక పరీక్షలున్నాయని నేను కదల్లేదు. అత్త కొంచెం అలిగి, ఒక్కతే వెళ్లిపోయింది.

మే మొదటి వారంలో మళ్లీ వచ్చింది. చేతిలో రెండు సంచులు. ఒకదాంట్లో ఆమె బట్టలు, సర్వపిండి, పచ్చళ్లు. రెండోది ఖాళీగా ఉంది.

"ఇదెందుకత్తా?" అన్నాను.

"పిల్ల బట్టలకు" అంది. కాళ్లు కూడా కడుక్కోలేదు ఇంకా.

ఆ సాయంత్రం గుమ్మం దగ్గర కూర్చుని నెమ్మదిగా మొదలుపెట్టింది. "నువ్వు పొద్దుగాల బడికి పోతవు కమలాకరూ. పొద్దు గూకంగ వస్తవు. వచ్చినంక కాపీలు దిద్దుకుంట కూసుంటవు. ఆడివిల్ల. రేపొకటి మాపొకటి చెప్పుకోనీకె దానికి ఇంట్ల ఎవలున్నరు?"

"భాగీరథి ఉన్నది."

"భాగీరథికి ముగ్గురు పిల్లలున్నరు. అత్తున్నది. తాగుబోతు మొగడున్నడు."

లోపల కూరగాయలు తరుగుతున్న భాగీరథి, "గా మొగణ్ణి లెక్కల వెయ్యకు పెద్దమ్మా, ఉన్నా లేనట్టే" అంది.

అత్త నవ్వలేదు. "పిల్ల సగం అయింది. తింటలేదు, పండుకుంటలేదు. నిద్ర గాలేదు గద, అందుకే గీ ఇల్లు దాన్ని పట్టుకున్నది. నువ్వు పరీక్షలంటివి. పరీక్షలయినయి. ఇగ నేను తీస్కపోత. అక్కడనే బడిల వేస్త."

నిద్రకని వెళ్తే మౌక్తిక ఇక తిరిగి రాదని నాకు తెలుసు. అత్త అబద్ధం చెప్పే మనిషి కాదు; ఖాళీ సంచి ముందే చూపించింది. నేను తరగతిలో జవాబు కోసం పిల్లలకు ఇచ్చేంత సమయం తీసుకుని, అప్పటికప్పుడు తోచింది చెప్పాను.

"సెలవులున్నయి గద. రెండు రోజులు సూరత్ చూద్దాం. మనం ముగ్గురం ఒక హోటల్ల ఉందాం. పిల్లకు జర మనసు మళ్లుతది. నిద్ర గూడ అయిపోతది. ఆ తర్వాత దాన్నే అడుగుదాం. ఉంటనంటే ఇక్కడ, వస్తనంటే నీతోని. అది ఏమంటే అది."

అత్త నన్ను పైకీ కిందికీ చూసింది. "పైసలిచ్చి పండుకుంటే నిద్ర అయితదారా?"

భాగీరథి కత్తిపీట వదిలి బయటికి వచ్చింది. "సారూ, ఉన్న ఊళ్లె హోటల్ల పండుకునుడేంది? ఇల్లు అమ్ముకున్నరా అంటరు జనం."

"అననీ" అన్నాను.

మౌక్తిక తలుపు చాటు నుంచి వింటోంది. "హోటల్‌ల లిఫ్ట్ ఉంటదా బాపూ?" అంది. హోలీ తర్వాత అది తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న. అత్త దాని వైపు చూసింది, నా వైపు చూసింది. "సరే తియ్. రెండు రోజులే" అంది.

మూడు సాయంత్రాలు ఆ హోటల్ పని మీదే కూర్చున్నాను. పాఠాల పథకం రాసుకునే పుస్తకంలో ఒక పేజీకి నిలువు గీతలు, అడ్డ గీతలు గీశాను. ఎడమవైపు చూడవలసిన చోట్లు రాశాను: తాపీ ఒడ్డున కిల్లా, గోపీ తలావ్, చేపల అక్వేరియం, సైన్స్ సెంటర్, డుమస్ సముద్రం. పైన హోటళ్ల పేర్లు. ప్రతి గడిలోనూ ఎంత దూరం, ఏ బస్సు, ఎన్ని నిమిషాల నడక. పన్నెండేళ్లుగా మేము ఈ ఊళ్లో ఉన్నాం. ఆ జాబితాలో లత చూసింది గోపీ తలావ్ ఒక్కటే. అదీ బస్సు కిటికీలోంచి. ఇంట్లో చీరలకు రాళ్లు అతికించే పని ఒప్పుకుంటే ఆదివారమైనా ఆమెకు తీరేది కాదు. నేనూ పెద్దగా పట్టించుకోలేదు.

మౌక్తిక పక్కన కూర్చుని ఫోన్‌లో హోటళ్ల బొమ్మలు చూసేది.

"ఇది తీస్కుందాం బాపూ. నది కనబడ్తది, చూడు. బాల్కనీ గూడ ఉంది."

"అది నది అవతల. అక్వేరియం ఒక్కటే దగ్గర. మిగతా వాటికి పోవాలంటే రోజూ వంతెన దాటాలె."

"వంతెన మీద పోవుడే మజా కదా."

"అమ్మమ్మకు ఎండల తిరుగుడు కష్టం."

"అమ్మమ్మ నాకంటె ఫాస్ట్ నడుస్తది."

స్టేషన్ దగ్గరిది నేను కొట్టేశాను, గోల ఎక్కువని. డుమస్ దారిలోది కొట్టేశాను, సముద్రానికి తప్ప అన్నిటికీ దూరమని. చివరికి రింగ్ రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉన్న ఒక హోటల్ ఎంచుకున్నాను. నా పట్టికలో దానికి అన్ని గడులూ బాగున్నాయి. ఏ చోటికైనా మధ్యలో ఉంది. పైగా ఆ చుట్టుపక్కల నాకు బాగా తెలుసు. బస్‌స్టాప్ ఏ మూల ఉందో తెలుసు. పొద్దున ఐదున్నరకే తెరిచే చాయ్ దుకాణం తెలుసు. ఇడ్లీ మెత్తగా ఎవరు చేస్తారో, ఏ మందుల దుకాణం ఎప్పుడూ మూయరో, ఐసు వేయకుండా పండ్లరసం ఎవరిస్తారో తెలుసు. అవన్నీ నాకు ఎప్పుడు తెలిశాయో రాసుకోవడానికి మాత్రం ఆ పేజీలో గడి లేదు.

ఆ హోటల్ ఆస్పత్రి పక్క వీధిలోనే ఉందన్న సంగతి నేను మరిచిపోలేదు. హోటల్ గుమ్మం వేరే రోడ్డు మీదికి ఉంది, మధ్యలో రెండు మలుపులున్నాయి. రెండు మలుపులు చాలనుకున్నాను. అత్త ఎలాగూ ఆ ఆస్పత్రి చూడలేదు. మౌక్తిక ఎప్పుడూ ఆస్పత్రికి అవతలి రోడ్డు నుంచే వచ్చేది.

"నదిది వద్దా మరి?" అంది మౌక్తిక.

"ఇదే అన్నిటికీ అనువుగ ఉన్నది."

"సరే" అంది. ఫోన్ తిరిగి ఇచ్చింది.

శనివారం మధ్యాహ్నం బయలుదేరాం. ఆటో అతను సంచులు చూసి, "ఫర్‌వా చాల్యా, మాస్టర్?" అని నవ్వాడు. ఊరు తిరగడానికా అని. అవునన్నాను. ఆ మాట బాగుందనిపించింది. గోడాదరా నుంచి హోటల్ దాకా అత్త ప్రతి బట్టల మార్కెట్ భవనాన్నీ చూసి, "గిన్ని చీరలు ఎవలు కడ్తరే?" అని అడుగుతూనే ఉంది. "నువ్వే కడ్తవ్ అమ్మమ్మా" అని మౌక్తిక జవాబు చెబుతూనే ఉంది.

హోటల్లో బల్ల వెనక కూర్చున్న ఆవిడ నా ఆధార్ కార్డు తిప్పి చూసి వెనక్కి ఇచ్చేసింది. "లోకల్ ఐడీ పర్ రూమ్ నహీ దేతే, సర్."

సూరత్ అడ్రసు ఉన్నవాళ్లకు గది ఇవ్వరట. నేను అన్నీ పట్టికలో రాసుకున్నాను గాని ఇది ఎవరినీ అడగలేదు. కుటుంబంతో వచ్చామన్నాను, బడి పంతుల్నన్నాను. ఆవిడ విసుక్కోలేదు. "రూల్ హై" అని మాత్రం అంది.

"ఏమంటుందిరా?" అంది అత్త.

"సూరతోళ్లకు సూరత్‌ల రూము ఇయ్యరట."

"మరి నేను సూరత్ దాన్ని కాదు గద."

నడుముకు కట్టుకున్న గుడ్డసంచి విప్పి, పాలిథిన్ కవరులో మడిచి పెట్టిన తన కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ దాన్ని చూసి, కంప్యూటర్లో కొట్టుకుని, ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించింది. అత్త నిదానంగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, తన పేరు రాసింది. తాళంచెవి కార్డు ఆమె చేతికే ఇచ్చారు.

లిఫ్ట్‌లో అత్త ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. "గిప్పుడు గీ రూము ఎవలది?"

"నీదే అత్తా. నీ పేరు మీదున్నది."

"అట్లనా?" కాసేపు ఆలోచించింది. "అయితే మంచిగనే అయింది. నా పేరు మీదున్నదంటే నా ఇల్లే. నా ఇంట్ల నిద్ర చేసినట్టే."

మౌక్తిక నవ్వింది. "నీ ఇంటికి లిఫ్ట్ గూడ ఉంది అమ్మమ్మా."

"లేకుంటె? మీ బాపు ఇంటికే లేదు. మనం ఉన్నోళ్లం."

అది మళ్లీ నవ్వింది. లిఫ్ట్ అద్దంలో దాని ముఖం చూశాను. ఇక్కడే ఉంటుంది, ఈ పిల్ల ఎక్కడికీ పోదు అనుకున్నాను. ఆ మాట నాకు నేను స్పష్టంగా అనుకోవడం ఇప్పటికీ గుర్తుంది.

గది నాలుగో అంతస్తులో, వెనకవైపు ఉంది. అత్త చెప్పులు బయటే విడిచి, కుడికాలు పెట్టి లోపలికి వెళ్లి, "రాండ్రి, లోపటికి రాండ్రి" అని చుట్టాలను పిలిచినట్టు మమ్మల్ని పిలిచింది. సంచిలోంచి కొత్త బట్టలు తీసి మంచం మీద పెట్టింది. మౌక్తికకు ఆకుపచ్చ లంగా జాకెట్టు. నాకు పంచె, తువ్వాల. నిద్రకు వచ్చినవాళ్లకు బట్టలు పెట్టకుండా ఉండకూడదట. బాత్రూములో సబ్బు చూసి, "చింతగింజంత ఉన్నదిరా ఇది, ఒంటికా, వేలికా?" అని తిట్టుకుంటూ స్నానానికి వెళ్లింది.

నేను నీళ్ల సీసాలు బయటికి తీస్తున్నాను. మౌక్తిక వెళ్లి కిటికీ పరదా లాగింది.

మొదట అది కిందికి చూసింది. చాలాసేపు కిందికే చూసింది. తర్వాత తల ఎత్తి ఎదురుగా చూసింది. వేలు అద్దానికి ఆనించి ఏదో లెక్కపెట్టింది. నేను వెళ్లి దాని వెనక నిలబడ్డాను.

కింద చాయ్ బండి ఉంది. ఆస్పత్రి పక్క సందు అది. అన్ని రోజులు ఆ సందులో నిలబడి నేను చాయ్ తాగినప్పుడు నా వెనక ఏసీ డబ్బాలు వేలాడే ఎత్తైన గోడ ఒకటి ఉండేది. అది ఏ భవనానిదో ఎన్నడూ పట్టించుకోలేదు. దూరాలన్నీ కొలిచాను గాని, ఏ కిటికీ ఎటు తెరుచుకుంటుందో మ్యాపులో ఉండదు.

ఎదురుగా, మా కంటె ఒక అంతస్తు కింద, ఎడమ నుంచి రెండో కిటికీ. కింది నుంచి చూస్తే ఆకాశం మెరుపు తప్ప ఏమీ కనబడని ఆ అద్దంలోంచి, ఇక్కడికి లోపలంతా కనిపిస్తోంది. టిఫిన్ డబ్బా పట్టుకున్న ఒకాయన తల, భుజాలు ఒక్క క్షణం కనబడి కిందికి దిగిపోయాయి. ఒకావిడ సంచితో పైకి వచ్చి, ఆయాసం తీర్చుకోవడానికి నిలబడి, మళ్లీ ఎక్కింది.

"బాపూ, అవి మెట్లు" అంది మౌక్తిక.

"అవును."

"అమ్మ మంచం మెట్ల పక్కకు ఉండెనా?"

ఇరవై రెండు రోజులు దాని ప్రతి ప్రశ్నకూ నా దగ్గర జవాబు ఉండేది. బాత్రూములో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మెట్ల దాక నడిసి వస్తుండెనా అమ్మ?" గొంతు తగ్గించి మళ్లీ అడిగింది.

మౌఖిక పరీక్షలో వెనకబడిన పిల్లలకు నేను జవాబు లోపలే పెట్టి ప్రశ్న అడుగుతుంటాను. తల ఊపితే చాలు, మార్కులు వేస్తాను. మౌక్తిక నన్ను అలాంటి ప్రశ్న అడిగింది. నేను తల కూడా ఊపలేదు.

"చాయ్ తెప్పించనా?" అన్నాను.

మౌక్తిక చాయ్ తాగదు. "వద్దు" అంది. ఇంకొక్కసారి ఎదుటి కిటికీ చూసి, పరదా మూసింది. మధ్యలో సందు లేకుండా రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి వేసింది.

అత్త తల తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "ఏం కనబడ్తుందే కిటికీల?"

"ఏం లేదమ్మమ్మా. సందు" అంది. ఆకుపచ్చ లంగా తీసుకుని బట్టలు మార్చుకోవడానికి వెళ్లింది.

అత్త సర్వపిండి, పచ్చడి తనే వడ్డించింది. మేం తిన్నాం. పొద్దున లేచాక, పక్క దుప్పటి మడుస్తూ నా చెవి దగ్గరికి వచ్చి, "చూసినవా, పిల్ల మెదలకుండ పండుకున్నది. ఇగ ఏం భయం లేదు. నిద్ర అయిపోయింది" అంది. మౌక్తిక మెదలకుండా పడుకున్న మాట నిజం. అది కళ్లు మూయలేదని నాకు తెలుసు. నేనూ మూయలేదు గనక.

ఆ రోజు అనుకున్నవన్నీ చూశాం. నా పట్టిక ఎక్కడా తప్పలేదు. కిల్లాలో అత్త గోడలను అరచేత్తో తట్టి చూసి, రాతిపని బాగుందని మెచ్చుకుంది. అక్వేరియంలో ఒక్కో చేప ముందు ఆగి, దీన్ని తింటారా తినరా అని అడిగింది. మౌక్తిక అమ్మమ్మ చెయ్యి పట్టుకుని రోడ్లు దాటించింది, ఫొటోలు తీసింది, గుజరాతీ బోర్డులు చదివి తెలుగులో చెప్పింది. నేను ఏదైనా అడిగితే వెంటనే, మర్యాదగా జవాబు చెప్పింది. బడికి ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు మా పిల్లలు అలా చెబుతారు.

సాయంత్రం డుమస్ వెళ్లాం. అక్కడ ఇసుక నల్లగా ఉంటుంది. దూరాన హజీరా ఫ్యాక్టరీల పొగ గొట్టాలు కనిపిస్తున్నాయి. అత్త చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మడమలు తడిసేదాకా వెళ్లి వచ్చింది. టమాటా భజ్జీలు కొన్నాం. ముగ్గురం ఒక దిబ్బ మీద కూర్చున్నాక అత్త అడిగింది.

"చెప్పు బిడ్డా. నీ ఇష్టమే. బాపు ఏమనుకుంటడో, అమ్మమ్మ ఏమనుకుంటదో అని చూడకు. ఇక్కడ ఉంటవా, నాతోని వస్తవా?"

మౌక్తిక భజ్జీ తినడం పూర్తి చేసింది. చేతులు కాగితంతో తుడుచుకుంది.

"అమ్మమ్మతోని పోత" అంది.

అత్త నా వైపు చూడలేదు. "ఎందుకో గూడ చెప్పు. మీ బాపు వింటడు."

"అమ్మమ్మ ఒక్కతే ఉంటది కదా బాపూ" అంది మౌక్తిక నా వైపు తిరిగి. "నీకైతే బడి ఉంది. పిల్లలున్నరు."

మంచి జవాబు. ఒక్క మాట కూడా నొప్పించేలా లేదు. ఇలాంటి జవాబులు చెప్పడం అది ఎవరి దగ్గర నేర్చుకుందో నాకు తెలుసు.

"సరే" అన్నాను.

కోరుకున్నది దొరికిన మనిషిలా లేదు అత్త. కాసేపటికి నా మోకాలి మీద తట్టింది. "ఎందుకురా గట్ల కూసున్నవ్? పిల్ల నీదే. దసరా సెలవులకు వస్తది. ఆ ఇంటి నుంచి ఎడమైతె చాలు, మంచిగైతది." ఆ ఇంటిదే తప్పనుకుంటోంది ఆమె.

రెండో రాత్రికి నేను గది వద్దన్నాను. ఉన్న ఊరే కదా, ఇంటికే వెళదామన్నాను. నిద్ర ఒక రాత్రే గనక అత్త అభ్యంతరం చెప్పలేదు.

మే చివరి వారంలో టికెట్లు దొరికాయి. బయలుదేరే రోజు పొద్దున మౌక్తిక తన బట్టలు ఆ ఖాళీ సంచిలో సర్దుకుంటోంది. భాగీరథి జొన్న రొట్టెలు కట్టి తెచ్చి, "పోరి పోయినంక మీ బాపుకు అన్నం ఎవలు పెడ్తరో నేను చూడాలె ఇగ" అని, నవ్వబోయి, లోపలికి వెళ్లిపోయింది. అత్త ఆమె వెంట వెళ్లింది.

మౌక్తిక దువ్వెన చేతిలో పట్టుకుని ఆగింది.

"బాపూ, జడ సంగతి అమ్మ నిజంగ అన్నదా? వదులుగ వేసుకున్ననని?"

"అమ్మ ఎప్పుడూ అనేదే కదా" అన్నాను.

అబద్ధం కాదు. లత బాగున్న రోజుల్లో ప్రతి ఉదయం ఆ మాట అనేది. మౌక్తిక నా ముఖం కాసేపు చూసి, "ఊ" అంది. దువ్వెన సంచిలో వేసి జిప్పు మూసింది.

జూన్ రెండో వారంలో బడి తెరిచారు. మౌక్తిక రోజూ సాయంత్రం ఆరింటికి అమ్మమ్మ ఫోన్ నుంచి మాట్లాడుతుంది. ఏం వండారో చెబుతుంది. అక్కడి బడిలో తెలుగు సారు కంటె నేనే నయమంటుంది. బాగా పడుకుంటున్నావా అంటే పడుకుంటున్నానంటుంది. మాటలు అయిపోయాక వెంటనే ఫోన్ పెట్టదు. కొన్ని క్షణాలు అలాగే ఉంటుంది. నేనూ అలాగే ఉంటాను. తర్వాత అదే, "సరే బాపూ" అంటుంది.

పోయిన వారం, "ఎల్.సి. పంపు బాపూ, సారు అడుగుతుండు" అంది. బడి విడిచినట్టు మేం ఇచ్చే సర్టిఫికెట్ అది.

"రేపు పంపుత."

"నిన్న గూడ రేపన్నవ్."

"ఈసారి పక్కా."

మా బడిలో ఆ సర్టిఫికెట్లు రాసేది నేనే. ఈ ఏడాది ఇప్పటికి నాలుగు రాశాను. బడి విడిచిన కారణం అన్న గడిలో, "తల్లిదండ్రులు స్వగ్రామం వెళ్లుట" అని ఆలోచించకుండానే రాసి, ముద్ర వేసి ఇచ్చేశాను.

ఇవాళ జూన్ ఇరవై ఎనిమిది. మౌక్తిక సర్టిఫికెట్ నా బల్ల మీద ఉంది. పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, చదివిన తరగతి, నడవడిక అన్నీ రాశాను. కారణం రాయలేదు.